నాగాయలంక బస్సులో పూలు

"దండ అందిందిరా. మీ బావకి సరిగ్గా సరిపోయింది," అంది మా అక్క ఫోన్లో.

నాకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. నేను పంపింది దండ కాదు. పంపింది మా బావకీ కాదు. బావ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ రోజు మా అక్క పుట్టినరోజు. అక్క ఉండేది నాగాయలంకలో. అక్కడికి పూలు పంపించాలని బందరులో ఒక పూల కొట్టుకి ఫోన్ చేసి, ఖర్చుకి చూడకండి, మంచివి పంపండి అని మరీ మరీ చెప్పాను.

"బాగుందా?" అన్నాను.

"బాగుందా అంటావేంటి! ఫొటో చుట్టూ నిండుగా వచ్చింది. మధ్యలో గులాబీలు కూడా కుట్టారు. నువ్వు మీ బావని మర్చిపోలేదురా." ఆ మాటంటూనే అక్క ఏడ్చింది. అలా ఏడుస్తున్న మనిషికి, అది ఆయనకి కాదు నీకు అని ఎలా చెప్పను? ఆఁ ఆఁ అన్నాను. హ్యాపీ బర్త్‌డే అన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

గుడివాడలో ఇల్లు, బందరులో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం నాకు. మర్నాడు రైలు దిగిన వేడి మీదే ఆ పూల కొట్టు మీదకి వెళ్ళి పడ్డాను. కోపం వస్తే నాకు ముందు గొంతు లేస్తుంది, మాటలు తర్వాత వెతుక్కుంటాను.

"పుట్టినరోజుకి పూలు పంపమంటే ఫొటోకి వేసే దండ పంపుతారేంటండీ?"

కొట్టాయన గులాబీల మీద నీళ్ళు చల్లుతున్నవాడల్లా ఆగాడు. నాకన్నా నెమ్మదైన మనిషి. "మీరు పుట్టినరోజని అన్లేదండీ. నాగాయలంకలో అక్కగారికన్నారు. బావగారు పోయి ఏడాది దాటిందన్నారు. నేను సంవత్సరీకం అనుకున్నాను. మా బండి అవనిగడ్డలో పెళ్ళి డెకరేషన్‌కి వెళ్తుంటే, పాపం కదా అని ఇంకాస్త ముందుకు పంపించి మరీ ఇప్పించానండీ."

నిజమే, నేను అన్నది అంతే. మనిషి పోయిన ఇంట్లో ఏడాదిపాటు పండగా పబ్బం ఉండవు. ఆ ఏడాది గడిచింది కాబట్టి ఇంక అక్క పుట్టినరోజు చేసుకోవచ్చు అని నా బుర్రలో ఒక వరస ఉంది. ఆ వరసలో చివరి ముక్క నేను చెప్పకముందే ఆయన గొంతు బాగా తగ్గించి, "అర్థమైందండీ, నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ తగ్గించిన గొంతు విని, ఎంత మర్యాదస్తుడో అనుకుని ఫోన్ పెట్టేశాను.

"అయినా అక్కగారికి పూలు అంటే, ఆవిడకే అని మేం మాత్రం ఎలా..." అని మిగతాది మింగేశాడాయన. మింగినా నాకు వినపడింది. భర్త పోయిన మనిషికి పూలెందుకు అని. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి తిట్టకుండానే బయటికొచ్చాను. ఊరందరూ అనుకునేదే ఆయనా అనుకున్నాడు, అంతకన్నా ఆయన చేసిన తప్పేమీ లేదు. కానీ ఆఫీసు మెట్లెక్కుతూ ఒక్కటే అనుకున్నాను. ఆరు నూరైనా సరే, మా అక్క పుట్టినరోజు పూలు మా అక్క తలలోకే వెళ్ళాలి. దేవుడికి కాదు, ఫొటోకి కాదు.

ఎందుకంత పంతం అని మా ఆవిడ కూడా అడిగింది. చెప్తాను.

మా అక్క నడివేసవిలో పుట్టింది, మల్లెలు విరగబూసే రోజుల్లో. మా ఇంట్లో పుట్టినరోజుకి కేకులూ కొవ్వొత్తులూ ఉండేవి కాదు. తలంటు, కొత్త బట్టలు, సేమ్యా పాయసం, అంతే. అక్కకి మాత్రం వాటితోపాటు పూలజడ. అమ్మ పొద్దున్నే మొగ్గలు తెప్పించి, జడంత పొడుగున కోసిన అరటి దొప్ప మీద సూదీ దారంతో కుట్టేది. మధ్యమధ్యలో కనకాంబరాలు, మరువం. ఆ పని అయ్యేసరికి మధ్యాహ్నమయ్యేది, పాయసం చల్లారిపోయేది. తర్వాత గుడివాడలో ఫొటో స్టూడియోకి తీసుకెళ్ళి, వెనక అద్దం పెట్టి అక్కని దాని ముందు నిలబెట్టేవాళ్ళు, ముఖమూ జడా రెండూ పడేలాగా. ఒక ఫొటోలో ఆ అద్దం మూల నా సగం ముఖం కూడా పడింది, పాయసం ఇంకా పెట్టలేదని ఏడుస్తూ.

ఆ జడ బరువుకి అక్కకి తలనొప్పి వచ్చేది. అయినా తీయనిచ్చేది కాదు. వీపు ఆనిస్తే మొగ్గలు నలుగుతాయని కుర్చీలో నిటారుగా కూర్చునేది. పడుకునేటప్పుడు కూడా బోర్లా పడుకునేది. మేం ఎంత నవ్వినా చెవినేసుకునేది కాదు. పెళ్ళయి నాగాయలంక వెళ్ళాక పూలజడలు పోయాయి గానీ, తలలో పూలు లేకుండా మా అక్కని నేను చూసిన రోజు లేదు. రొయ్యల చెరువు గట్టు మీద బావకి క్యారేజీ పట్టుకెళ్ళినా తలలో ఇన్ని పూలుండేవి.

ఇది ఒక కారణం. రెండోది చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు, కానీ చెప్పకపోతే నా పంతం పిచ్చిగానే కనపడుతుంది.

బావ పోయిన పదో రోజుకి పుట్టింటివాళ్ళు చీర, గాజులు, పూలు పట్టుకెళ్ళాలి. అవన్నీ పెట్టి ఆ మనిషిని చివరిసారి ముత్తైదువలా అలంకరిస్తారు, ఆ తర్వాత తీసేస్తారు. ఈ రోజుల్లో చాలామంది మానేశారు. అక్క అత్తవారి వైపు మానలేదు. అమ్మా నాన్నా అప్పటికే లేరు, పుట్టింటివాళ్ళంటే నేనొక్కణ్ణే. గుడివాడ బస్టాండు దగ్గర పూలావిడ దగ్గర కొన్నాను ఆ పూలు. "పెళ్ళాండీ బాబుగారూ?" అని నవ్వుతూ అడిగిందావిడ, నేను కొన్న పూలు అన్నీ ఇన్నీ కావు మరి. తలూపాను. లోపల ఆడవాళ్ళు అక్కకి ఆ పూలు పెడుతుంటే మగవాళ్ళం బయట నిలబడ్డాం. తర్వాత కాలవ రేవు వైపు వెళ్తే, నేను తెచ్చిన పూలు నీళ్ళల్లో పోతున్నాయి. ఇంకా సగం మొగ్గలు విచ్చుకోనే లేదు.

మా అక్క తలలోకి నా చేతుల మీదుగా వెళ్ళిన ఆఖరి పూలు అవి కాకూడదు. నా పంతమల్లా అదే.

దండ పొరపాటు జరిగిన తర్వాతి ఏడాది నేను కొట్లనీ డెలివరీలనీ నమ్మలేదు. సెలవు పెట్టి పొద్దున్నే గుడివాడ బస్టాండు దగ్గర అదే పూలావిడ దగ్గరకి వెళ్ళాను. "నాగాయలంక వెళ్ళాలి," అన్నాను.

"అమ్మో, ఈ ఎండకి అంత దూరమా? అయితే విచ్చినవి వద్దండి, మొగ్గలు పట్టుకెళ్ళండి. సాయంత్రానికి వాటంతటవే విచ్చుకుంటాయి," అని తడిగుడ్డలో పెట్టి, పైన అరిటాకు చుట్టి, దారంతో కట్టి ఇచ్చింది.

నాగాయలంక బస్సు కండక్టరు చేతికిస్తే, ఆ మూట వాసన చూసి, "ఏంటండీ, పెళ్ళివారా?" అన్నాడు.

"మా అక్క పుట్టినరోజండీ." ఈసారి ముందే చెప్పాను, గట్టిగా, ముందు సీట్లవాళ్ళందరికీ వినపడేలా. "నాగాయలంకలో మా మేనల్లుడొచ్చి తీసుకుంటాడు. కాస్త ఎండ తగలకుండా చూడండి."

పాపం మంచివాడు, తన సీటు పక్కన నీడలో తగిలించుకున్నాడు. బస్సు కదిలేదాకా నిలబడి, ఇంటికొచ్చి, ఇప్పుడు పామర్రు దాటుంటుంది, ఇప్పుడు మొవ్వ, ఇప్పుడు చల్లపల్లి అనుకుంటూ ఇల్లంతా తిరిగాను. ఒక చోట కూర్చోండి, మీరు తిరిగితే బస్సు తొందరగా వెళ్ళదు అని మా ఆవిడ కసిరింది.

సాయంత్రం అక్క ఫోన్ నుంచి ఫొటోలొచ్చాయి. మొదటిది పూలు పెట్టుకున్న కోడలు. రెండోది పూలు పెట్టుకున్న అమ్మవారు. మూడోది పూలు పెట్టుకున్న మా బావ. ఆ ఇంట్లో పూలు లేనిది ఒక్క పుట్టినరోజు మనిషికే.

వెంటనే ఫోన్ చేశాను. "మరి నీకేవి?"

"నాకెందుకురా? ఇల్లంతా ఎంత వాసనొస్తోందో తెలుసా! అది చాల్లే."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరంటారు? కోడలు పెట్టుకోండత్తయ్యా అని బతిమాలింది కూడానూ. నాకే ఎందుకో చెయ్యి వెళ్ళలేదు. ఊరికే నువ్వు దాన్ని పెద్దది చెయ్యకు."

నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు. వద్దన్నవాళ్ళెవరన్నా ఉంటే బస్సెక్కి వెళ్ళి పోట్లాడి వచ్చేవాణ్ణి. పోట్లాటంటే నాకు భయం లేదు. ఇక్కడ వద్దన్నవాళ్ళే లేరు. ఒకప్పుడు ఊరు అన్న మాటని ఇప్పుడు మా అక్క తనే తనకి చెప్పుకుంటోంది. అక్కతో నేనెలా పోట్లాడను? అయినా పోట్లాడాను. రెండు వారాలు మాట్లాడటం మానేశాను. నష్టపోయింది నేనే, ఆ రెండు వారాల్లోనే వాళ్ళ రొయ్యలకి మంచి ధర పలికి, ఆ సంబరం అంతా నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ తర్వాతి ఏడాది వేసవి రాగానే బందరు పూల కొట్టాయనే నన్ను ఆపాడు. రైలు దిగి నడుస్తుంటే కొట్టులోంచి పిలిచి, "అక్కగారి పుట్టినరోజు ఈ నెల్లోనే కదండీ? ఈసారి నేను పంపిస్తాను. కార్డు మీద పుట్టినరోజు అని పెద్దక్షరాలతో రాయిస్తాను," అన్నాడు. దండ సంగతి ఆయన మనసులో ముల్లులా ఉండిపోయిందన్నమాట. సరే అన్నాను. ఆయన బొకే పంపాడు. జెర్బరాలు, గులాబీలు, చుట్టూ మెరుపు కాగితం.

అక్క ఫోన్లో పడీ పడీ నవ్వింది. "ఆఫీసర్లకిచ్చేవి కదరా ఇవి! నాకెక్కడికో ట్రాన్స్‌ఫర్ అయినట్టుంది." దాన్ని నీళ్ళ జగ్గులో పెట్టి ఫ్రిజ్ మీద పెట్టింది. ఫొటోకి వెయ్యడానికి దాంట్లో దండ లేదు, కోడలు పెట్టుకోవడానికి మాల లేదు. ఇంక అది అక్కదే కదా అని నేను మహా సంతోషపడి, ఆ సాయంత్రం మా ఆవిడతో, చూశావా, చివరికి గెలిచాను అన్నాను.

మా ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తల కూడా ఎత్తలేదు. "పెట్టుకోవడానికి వీల్లేని పూలు పంపి గెలిచానంటారేంటండీ?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు చెంప ఛెళ్ళుమంది. ఫ్రిజ్ మీద బొకే పెట్టడానికి ఎవరికి అభ్యంతరం? నేను పంపింది పూలు కాదు, గొడవ లేని వస్తువు. అప్పటికప్పుడు ఫోన్ తీసి మళ్ళీ అక్కకి చేశాను. ఈసారి అరవలేదు. అరవకుండా మాట్లాడటం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్ళకి తెలుసు.

"అక్కా, ఒక మాట అడుగుతాను చెప్పు. తాళి ఎవరు కట్టారు?"

"ఇదేం ప్రశ్నరా? మీ బావ."

"మెట్టెలు?"

"అవీ అంతే."

"మరి పూలెవరు పెట్టారు? బావ ముఖం చూడకముందే నీకు పూలజడలున్నాయి. అమ్మ కుట్టింది. బావతో వచ్చినవి బావతో పోయాయంటే సరే, నేను నోరెత్తను. పూలు బావతో రాలేదు. అవి పుట్టింటివి. నువ్వు పుట్టిన రోజు నుంచీ నీవి. వాటిని తీసెయ్యడానికి వాళ్ళెవరు, పెట్టుకోకపోవడానికి నువ్వెవరు?"

అవతల టీవీ చప్పుడు వినపడుతోంది. అక్క ముక్కు చీది, మళ్ళీ మామూలు గొంతుతో, "సరే, పుట్టింటివైతే పుట్టింటికొచ్చినప్పుడు పెట్టుకుంటాన్లే. ఫోన్ పెట్టు, సీరియల్ వస్తోంది," అంది.

నన్ను వదిలించుకోవడానికి అన్న మాట అది. నేను మాత్రం వదల్లేదు. పండక్కి ఫోన్ చేసినప్పుడూ, మేనల్లుడి పిల్లకి అన్నప్రాసనప్పుడూ, ఊరికే చేసినప్పుడూ, మాటల చివర, "వేసవిలో వస్తున్నావు, మాటిచ్చావు," అని గుర్తు చేసేవాణ్ణి. ఇంత మొండి ఘటానివి ఎక్కడ దొరికావురా మా అమ్మకి అనేది అక్క. నీ వెనకే పుట్టాను, నిన్ను చూసే నేర్చుకున్నాను అనేవాణ్ణి.

ఈ వేసవిలో పుట్టినరోజుకి ముందు రోజే నాగాయలంక వెళ్ళాను, పిలిస్తే రాదని తెలుసు కాబట్టి. అనుకున్నట్టే చెరువులో రొయ్యలు పట్టే రోజులంది, కూలీలకి టిఫిన్లెవరు చేస్తారంది, మోకాలంది. "టిఫిన్లు హోటల్నుంచి తెప్పిస్తానమ్మా, మావయ్యతో వెళ్ళిరా," అన్నాడు మా మేనల్లుడు. మోకాలికి కోడలు మందు రాసింది. ఇంక చెప్పడానికేం లేక అక్క రెండు చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

పుట్టిల్లంటే ఇప్పుడు మా పాత ఇల్లు కాదు. దాని చోట అపార్ట్‌మెంటు లేచింది, అందులో రెండో అంతస్తులో మాకో ఫ్లాటు వచ్చింది. "పుట్టింటికి లిఫ్టులో వెళ్ళేదాన్ని నేనొక్కదాన్నేనేమో," అని నవ్వింది అక్క. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ తలంటింది. పాయసం పొయ్యి మీద పెట్టింది. నేను వెళ్ళి పూలు తెచ్చాను. పూలావిడ, "ఈసారీ నాగాయలంకేనా, అరిటాకు చుట్టమంటారా?" అంది. వద్దమ్మా, ఈసారి మనిషే ఇక్కడికొచ్చిందన్నాను.

అక్క అద్దం బల్ల ముందు కూర్చుంది. మల్లెలు, మధ్యలో కనకాంబరాలు, మరువం ఉన్న మాల చూసి, "ఈ పిడికెడు జుట్టుకి ఇన్ని పూలా? జుట్టుకి పూలు పెట్టినట్టుండదమ్మాయ్, పూలకి జుట్టు పెట్టినట్టుంటుంది," అని నవ్వుతూనే ఉంది. మా ఆవిడ మాల తీసుకుని దగ్గరికి రాగానే నవ్వు ఆగిపోయింది. చెయ్యి పైకెత్తి అడ్డం పెట్టింది.

"నువ్వు కాస్త అవతలికి వెళ్ళరా," అంది నాతో.

"వెళ్ళను."

"వెళ్ళరా, నాకేదోలా ఉంది."

"ఆ రోజు బయట నిలబెట్టారు. నిలబడ్డాను. ఈసారి నిలబడను," అన్నాను.

అక్క అద్దంలోంచే నా వంక చూసింది. వంటింట్లో పాయసం అడుగంటుతున్న వాసన వస్తున్నా మా ఆవిడ కదల్లేదు. చివరికి అక్క అడ్డం పెట్టిన చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. మా ఆవిడ ముడి చుట్టూ మాల చుట్టి పిన్ను పెట్టింది.

"ఎంత పెట్టిందో నాకేం కనపడట్లేదు," అంది అక్క.

గోడకి తగిలించిన చిన్న అద్దం తీసుకొచ్చి వెనక పట్టుకున్నాను. అక్క తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పూలు కనపడ్డాయి, వాటి పక్కన అద్దం మూల నా ముఖం కూడా కనపడింది. నేనేడుస్తున్నానని నాకప్పుడు తెలిసింది.

"అప్పుడూ అడ్డమే, ఇప్పుడూ అడ్డమే వీడు," అంది అక్క. "ఏడవకు, పాయసం పెడుతుందిలే."

సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతానంది. ఇంకో రెండు రోజులుండమంటే వినలేదు. నేనూ దిగబెట్టి వస్తానని బయల్దేరాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అక్క చెయ్యి తల మీదికి పోయింది. "అమ్మాయ్, ఒక కవరుంటే ఇస్తావా? ఇవి తీసి అందులో పెట్టుకుంటాను, పాడవకుండా," అంది.

పుట్టింట్లో పెట్టుకుంటానంది, పెట్టుకుంది, మాట చెల్లిపోయింది. అంతకన్నా నేనేం అడగను?

మా ఆవిడ మాత్రం నిదానంగా, "కవర్లు లేవు వదినా," అంది. మా వంటింట్లో ఒక సొరుగు నిండా కవర్లే. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ కవరు లేదనడం నేనెప్పుడూ వినలేదు. అక్క ఆవిడ ముఖంలోకి ఒకసారి చూసి, పైట చెంగు తల మీదికి లాక్కుని, ఎండగా ఉందిగా అంటూ లిఫ్టు ఎక్కింది.

పామర్రు, మొవ్వ, చల్లపల్లి దాకా చెంగు దించలేదు. వాసన మాత్రం చెంగు కింద ఆగలేదు. మొగ్గలు ఒకటొకటే విచ్చుకుంటున్నాయి, మా ముందు సీటులో పసిపిల్ల తల్లి భుజం మీంచి అక్క వంకే చూస్తోంది. నేను పొలాలు చూస్తున్నట్టు నటించాను.

మోపిదేవిలో గుడినుంచి వచ్చేవాళ్ళు ఎక్కారు. వాళ్ళల్లో ఒకావిడ, "అక్కయ్యగారూ, మీరా!" అంటూ వచ్చి మా వెనక సీటులో కూర్చుంది. నాగాయలంకలో అక్కావాళ్ళ వీధే. పదో రోజున ఆ ఇంట్లో నేను చూసిన మనిషే. "ఏ ఊరినుంచి వస్తున్నారు?" అని అడుగుతూనే ఆవిడ ఆగిపోయింది. బస్సు కుదుపుకి అక్క చెంగు జారింది. మల్లెలన్నీ ఆవిడ ముఖం ముందే ఉన్నాయి.

ఆవిడ పూల వంక చూసింది. నేను వెనక్కి తిరిగాను. ఆవిడ ఒక్క మాటంటే చాలు, నేను ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. నా గొంతు లేవబోతోందని అక్కకి తెలిసినట్టుంది, నా మోకాలు మీద చెయ్యేసి నొక్కింది.

జారిన చెంగుని అక్క మళ్ళీ తల మీదికి లాక్కోలేదు. తీసి భుజం మీద వేసుకుంది.

"ఇవాళ నా పుట్టినరోజండీ," అంది వెనక్కి తిరిగి. పక్కనే కూర్చున్న నన్ను వేలితో చూపించి, "పూలు మా తమ్ముడు పంపాడు," అంది.

తెచ్చాడు అనలేదు, పెట్టించాడు అనలేదు. పంపాడు అంది. ఫొటోకి వెళ్ళినవీ, అమ్మవారికి వెళ్ళినవీ, ఫ్రిజ్ మీద వాడిపోయినవీ, అన్నీ ఆ ఒక్క మాటతో అక్కకి అందాయి.

వెనకావిడ, "అలాగా," అంది. కాసేపటికి లేచి, అక్క మీదుగా చెయ్యి చాపి, మా కిటికీ అద్దం గట్టిగా లాగి మూసింది. "వంతెన మీద గాలెక్కువండీ, రాలిపోతాయి," అంది.

బస్సు పులిగడ్డ వంతెన ఎక్కింది. అవనిగడ్డ వచ్చింది, సగం మంది దిగిపోయారు. ఇంకా చాలా దూరముంది, మోకాలు నొప్పన్నావు, వెనక్కి వాలి కూర్చో అక్కా అన్నాను. అక్క వినలేదు. పూలు నలుగుతాయని సీటుకి వీపు ఆనించకుండా, నాగాయలంక దాకా నిటారుగానే కూర్చుంది.